చెవి లేని పిల్ల

పోయినవారం మనం సారాని తెనాలి స్టేషన్లో వదిలేశాం. రేపల్లె పాసింజరు దిగి, రిక్షావాడితో బేరం కుదరక, ఎండలో నడవడానికి సిద్ధపడుతోంది. ఆమె సంచిలో ఒక కాగితం ఉంది. జర్మనీలో ఒక సంగీత సంస్థ ఏడాదిపాటు వచ్చి ఉండమని పిలిచింది. ఎప్పుడో పోయిన మహానుభావుల సంగీతం కాదు, ఇవాళ బతికున్నవాళ్లు కొత్తగా రాస్తున్న సంగీతాన్ని ఫ్లూటు మీద వాయించాలి. మన దేశంలో ఆ పని చేసేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది, అందులో ముప్ఫై ఏళ్లకే పేరొచ్చినది సారా. షరతు ఒక్కటే. చిన్నప్పుడు ఆరేళ్లు కర్ణాటక సంగీతం నేర్చుకున్నానని దరఖాస్తులో రాసింది కనుక, ఆ గురువు తన చేత్తో సంతకం చేసిన ధ్రువపత్రం శనివారానికి మద్రాసులో అందాలి. అందకపోతే ఆ చోటు ఇంకెవరికో పోతుంది. ఇవాళ బుధవారం.

ఆ గురువు వేంకటసుబ్రహ్మణ్యం గారు. పదమూడేళ్ల కిందట, డెబ్భై ఎనిమిదిలో, "దీనికి చెవి లేదు, తీసుకుపో" అని సారాని సాగనంపిన మనిషి ఆయనే. తీసుకుపొమ్మన్నది ఆమె తండ్రి యాకోబు మాస్టారిని. రేపల్లెలో బడిపంతులు, లూథరన్ చర్చిలో పాటలు నడిపించే పెద్ద. ఆ రోజు ఆయన ఎందుకని అడగలేదు, బతిమాలలేదు. రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టి కూతుర్ని రైలెక్కించాడు. ఈ ఉదయం కూడా రేపల్లె స్టేషన్లో ఆ ముసలాయన అన్నది ఒక్కటే మాట. "ఆయన పెట్టకపోతే పోనీలే అమ్మా, గొడవపడకుండా వచ్చెయ్. సాయంత్రం బండికి నేనొచ్చి ఉంటా."

వసుదేవుడంతటివాడు గాడిద కాళ్లు పట్టుకున్నాడట. ఆ సామెత లూథరన్ కాంపౌండులోనూ తెలుసు. సారా గురువుగారి వీధి మలుపు తిరిగింది.

ఇల్లు మారలేదు. వీధి వైపు అదే అరుగు. సారా ఆరేళ్లు కూర్చున్నది ఆ అరుగు మీదే. గురువుగారు లోపల, గుమ్మానికి అవతల, చాప మీద. మిగిలిన పిల్లలు ఆయన చుట్టూ. వానొస్తే జల్లు సారా ఒక్కదాని మీదే పడేది. దాహమేస్తే గురువుగారి భార్య లలితాంబ గారు చెంబు ఎత్తి పట్టుకుని దోసిట్లో నీళ్లు పోసేది.

ఇవాళ మాత్రం, "లోపలికి రా అమ్మాయ్, అక్కడే నిలబడ్డావేం? పేపర్లో నీ ఫొటో చూశాంలే," అన్నారు వేంకటసుబ్రహ్మణ్యం గారు. ఆరేళ్ల సాధన చెయ్యలేని పని రెండంగుళాల ఫొటో చేసింది. ఆయనకి డెబ్భై దాటాయి. ఒళ్లు సడలింది కానీ కళ్లు సడలలేదు. ఎదురుగా చాప మీద నలుగురు శిష్యులు, మీసాలొచ్చిన వాళ్లు, వేణువులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. శ్రుతిపెట్టె సన్నగా మోగుతోంది. లలితాంబ గారు స్టీలు గ్లాసులో కాఫీ తెచ్చి సారా ముందు నేల మీద పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది.

సారా ధ్రువపత్రం సంగతి చెప్పింది. ఆయన విన్నారు. "దానికేముంది, పెడదాం. ముందు ఆ కొత్త సంగీతం ఏంటో కాస్త వినిపించు. వీళ్లు కూడా వింటారు," అన్నారు.

సారా పెట్టె తెరిచి మూడు ముక్కల వెండిరంగు ఫ్లూటు కలిపి బిగించింది. బొంబాయిలో ఒక స్వరకర్త తనకోసమే రాసిన అయిదు నిమిషాల రచన వాయించింది. అందులో రాగం లేదు, తాళం లేదు. ఒకచోట ఉత్త గాలి వినబడాలి, ఒకచోట మీటలు టకటకలాడాలి, మరొకచోట రెండు స్వరాలకి మధ్య, ఏ హార్మోనియం మెట్టుకీ అందని సందులో, ఒక స్వరం పొడుగ్గా నిలబడాలి. శిష్యుల్లో ఇద్దరు తలొంచుకుని నవ్వు ఆపుకున్నారు. మూడోవాడు ఆపుకోలేదు. గురువుగారు నవ్వలేదు. ఆయన చూపు మొదట్నుంచి చివరిదాకా సారా కింది పెదవి మీదే ఉంది.

"అదెక్కడ నేర్చుకున్నావు?"

"ఏదండి?"

"పెదవి లోపలికి మడిచి స్వరాన్ని కిందికి లాగి నిలబెట్టావు చూడు. అది."

"ఎవరూ నేర్పలేదండి. చిన్నప్పట్నుంచీ వస్తుంది. మద్రాసులో మా మాస్టారు కూడా ఇదే అడిగారు. నాకోసం రాసేవాళ్లంతా దీన్ని చూసే రాస్తారండి. ఇంకెవరికీ ఇంతసేపు నిలవదట."

ఈ మాట చెప్పేటప్పుడు సారా గొంతులో కాస్త గర్వం పలికింది. పలకనివ్వండి. ఈ ఇంట్లో ఆ పిల్ల గర్వపడటం అదే మొదటిసారి.

"ఇక్కడ వాయించిన వెదురు వేణువు ఉందా, పారేశావా?"

"ఉందండి." ఎప్పుడూ సంచిలోనే ఉంటుంది, పాత చీరముక్కతో కుట్టిన గొట్టంలో. ఎందుకు మోస్తోందో ఆమెకే తెలియదు. తీసి చూపించింది. ఆయన చెయ్యి చాపలేదు.

"గాంధారం వాయించు. ఒక్కటే."

వాయించింది. శ్రుతిలో కలిసిపోయింది.

"ఇప్పుడు పెదవి మడవకు. మామూలుగా ఊదు."

ఊదింది. స్వరం శ్రుతిపెట్టె మీదకెక్కి కూర్చుంది. ఇందాక నవ్విన శిష్యుడు మొహం చిట్లించాడు. అంత సంగీతం రానివాడికి కూడా తెలిసిపోయే తప్పు.

"విన్నారా?" అన్నారు గురువుగారు శిష్యులతో. "మూడో కన్నం పెద్దది. గాంధారం పైకి పోతుంది. ఈ అమ్మాయి దాన్ని ప్రతిసారీ పెదవితో కిందికి లాగి వాయించేది. అట్లా లాగాలంటే అసలు గాంధారం ఎక్కడుందో ముందు తెలియాలి. చెవి అంటే అదీ."

పదమూడేళ్లుగా సారా వినాలనుకున్న మాట ఇదే. మద్రాసులో వందమంది చప్పట్లు కొట్టిన రోజున కూడా గదికెళ్లి తలుపేసుకుని, వీళ్లకి తెలియదు, నాకు చెవి లేదు, ఏదో ఒకరోజు దొరికిపోతాను అనుకునేది. ఇప్పుడు ఆ భారం దిగిపోయింది. ఎంత సంతోషం కలిగిందంటే ఒక్క క్షణం ఆయన పాదాలకి దణ్ణం పెడదామనుకుంది. మరుక్షణం రెండో ఆలోచన వచ్చింది.

"మీకు అప్పుడే తెలుసా అండి?"

"తెలియకపోవడమేంటి? అప్పటికే నలభై ఏళ్లు వాయించినవాణ్ణి."

"మరి నాకు చెవి లేదన్నారు."

"అన్నాను."

అన్నది ఒక్కసారా? వేణువులోనే ఏదో తేడా ఉందండి అని పదమూడేళ్ల పిల్ల భయపడుతూ చెబితే, "ఆడలేక మద్దెల ఓడందట" అని పదిమందిలో నవ్వించారు. తాళం వేసే కర్రతో వేళ్ల కణుపుల మీద కొట్టారు. తప్పు వినబడినప్పుడల్లా అరుగు మీద లేచి నిలబడి, వీధి వైపు తిరిగి, "నాకు చెవి లేదు" అని పదిసార్లు పైకి అనాలి. అది ఆయన కనిపెట్టిన శిక్ష. వీధిలో గోళీలాడే పిల్లలు పాఠం తొందరగా నేర్చుకున్నారు. స్టేషన్ నుంచి వస్తుంటే "చెవి లేని పిల్ల వచ్చిందిరోయ్" అని వెంటపడేవాళ్లు. రేపల్లె చర్చిలో తండ్రి పాట ఎత్తుకుంటే సారా పెదవులు మాత్రం కదిపేది. తన గొంతు కలిస్తే ఆ పాట చెడిపోతుందని. అలా నాలుగేళ్లు.

"ఒక్కసారి చెప్పి ఉండాల్సిందండి," అంది సారా.

"చెబితే బాగు చెయ్యాలి. బాగు చెయ్యాలంటే నేను వాయించి చూడాలి. నువ్వు నోట పెట్టుకున్నది నేనెట్లా నోట పెట్టుకుంటానమ్మా? ఎంగిలి."

కోపంగా అనలేదు. ఇవాళ ఎండ ఎక్కువగా ఉంది అన్నట్టు అన్నారు.

"వీళ్ల వేణువులు వాయించి చూడరా అండి?"

"చూస్తాను. వీళ్ల సంగతి వేరు."

శిష్యులు నలుగురూ చాప వైపు చూశారు. వాళ్లకి సిగ్గేసిందో లేదో నాకు తెలియదు. ఆయనకి మాత్రం వెయ్యలేదు.

"మొదటి రెండేళ్లు ఇది బాగానే పలికిందండి," అంది సారా. "మూడో ఏడు దసరా అయ్యాకే తప్పు మొదలైంది. నాకు బాగా గుర్తు."

"వెదురు కదా. ఆరేకొద్దీ మారుతుంది." ఆ మాట అంటూ ఆయన వంటింటి తలుపు వైపు ఒకసారి చూశారు.

సారాకి ఆ దసరాలు గుర్తే. సరస్వతీ పూజ నాడు శిష్యులందరూ వేణువులు గురువుగారింట్లో పెట్టి వెళ్లాలి. ఆ రోజు ఎవరూ వాయించకూడదు. మర్నాడు ఆయన చేతుల మీదుగా మళ్లీ పుచ్చుకోవాలి. అందరివీ పీట మీద అమ్మవారి ముందు. సారాది అరుగు మీద వేరే చెక్క మీద. రెండో ఏడు పూజలో ఎవరో దయ తలచి దానిక్కూడా కుంకుమ బొట్టు పెట్టారు. మర్నాడు తిరుగు రైల్లో యాకోబు మాస్టారు ఆ బొట్టుని చేతిరుమాలుతో తుడిచి, ఇంటికి వెళ్లేదాకా ఒక్క మాట మాట్లాడలేదు.

"అది సరే," అన్నారు గురువుగారు. "రేపు సాయంత్రం బాపట్ల టౌన్‌హాల్లో నాకు సన్మానం. జిల్లా పెద్దలంతా వస్తున్నారు. నువ్వూ వచ్చి నాలుగు మాటలు మాట్లాడాలి."

"ఏమని అండి?"

"మా గురువుగారు కావాలనే నాకు తప్పు వేణువు ఇచ్చారు. దానితో కుస్తీ పట్టించి, లోకంలో ఎవరికీ రాని విద్య నాకు వచ్చేట్టు చేశారు. ఈ పేరు, ఈ విదేశాలు ఆయన పెట్టిన భిక్ష. ఇంతే. నువ్వు చెప్పి వేదిక దిగగానే సంతకం పెట్టి ఇస్తాను. రాత్రి బండికి మద్రాసు వెళ్లిపోవచ్చు."

"అది అబద్ధం కదండి."

"ఏది అబద్ధం? ఆ వేణువు సవ్యంగా ఉండి ఉంటే నువ్వూ వీళ్లలాగే ఓ వర్ణం, రెండు కృతులు నేర్చుకుని, మీ చర్చిలో క్రిస్మస్‌కి ఊదుకుంటూ ఉండేదానివి. ఆలోచించి చెప్పు, నేనేం తొందరపెట్టను."

ఈ మనిషిలోని క్రూరత్వం ఇదే. ఆయన మాటలో సగం నిజం. సారాకి తనదంటూ ఉన్నది ఆ పెదవి విరుపు ఒక్కటే. అది దేవుడిచ్చాడనుకుంది, తన కష్టం అనుకుంది. ఇప్పుడు చూస్తే ఒక పాడు వేణువు, ఒక పెద్దమనిషి అంటరానితనం కలిసి చేసిన పని అది. కొట్టిన దెబ్బకి కూడా గురుదక్షిణ అడుగుతున్నాడు. ఆమెకి ఆయన్ని చంపాలన్నంత కోపం వచ్చింది. అట్లాంటి కోపం చర్చికెళ్లేవాళ్లకి రాకూడదని ఎక్కడా లేదు.

కోపం వచ్చినా గొంతు లేవలేదు. వేణువుని నేల మీద పెట్టి ఆయన వైపు జరిపింది.

"చెబుతానండి. మీరన్నట్టే చెబుతాను. ఒక్కసారి దీన్ని మీరు నోట పెట్టుకుని గాంధారం వాయించండి. వీళ్ల ఎదట. ఒక్క స్వరం చాలు."

గురువుగారు వేణువు వైపు చూశారు. ఆయనకి సన్మానం కావాలి, అందులో ఈ పిల్ల మాట కావాలి. ఆ ఆశ మొహంలో దాగలేదు. చెయ్యి ఒడిలోంచి కాస్త లేచి మళ్లీ ఒడిలోనే పడింది.

"గురువుగారూ, వద్దండి," అన్నాడు పెద్ద శిష్యుడు మెల్లిగా.

"నీకు పొగరెక్కింది అమ్మాయ్. నాలుగు ఊళ్లు తిరిగేసరికి పొగరెక్కింది."

"పొగరు కాదండి. నా ఎంగిలి. అంతే కదా మీకు అడ్డం."

"ఆచారం ఉన్న ఇల్లు ఇది. ఎంగిలి నోట పెట్టుకోమని నన్ను అడగడానికి నీకు..."

"ఎందుకండీ ఆ ఎంగిలి మాట?"

అది లలితాంబ గారి గొంతు. వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది, తడిచేతులు కొంగుకి తుడుచుకుంటూ. ఆ ఇంట్లో మగవాళ్లు మాట్లాడుకునేచోట ఆవిడ నోరు విప్పడం శిష్యులు ఎన్నడూ చూడలేదు. "వాయించి చూశారుగా దాన్ని," అంది.

"నువ్వు లోపలికి వెళ్లు."

"వెళతాను. ఆ పిల్ల అడిగినదానికి సమాధానం చెప్పి వెళతాను." ఆవిడ సారా వైపు తిరిగింది. "మూడో ఏడు పూజ నాడమ్మా. అందరూ వేణువులు పెట్టేసి వెళ్లిపోయారు. భోజనాలయ్యాక నన్ను కుంపటి రాజెయ్యమన్నారు. రాజేశాను. చువ్వ కాల్చి ఇవ్వమంటే ఇచ్చాను. వేణువులకి కన్నాలు వేసే చువ్వే, మా ఇంట్లో ఎప్పుడూ ఉండేదే. నీదాన్ని అరుగు మీంచి తెచ్చి మూడో కన్నం పెద్దది చేశారు. చెడిందో లేదో అని వాయించి చూశారు. చాలలేదని మళ్లీ కాల్చమన్నారు. మళ్లీ వాయించి చూశారు. తరవాత పుక్కిలించుకోడానికి నీళ్లిచ్చింది కూడా నేనే."

"లలితా."

"నేనూ మంచిదాన్నేం కాదులెండి. నాలుగేళ్లు అది అరుగు మీద నిలబడి చెవి లేదని అరుస్తుంటే వంటింట్లో కూర్చుని విన్నాను. పప్పు మాడకుండా చూసుకున్నాను."

పెద్ద శిష్యుడు శ్రుతిపెట్టె కట్టేశాడు. ఎందుకు కట్టేశాడో వాడికీ తెలిసి ఉండదు.

సారాకి ఏడుపు రాలేదు. వస్తుందని ఎదురుచూసింది, రాలేదు. వెదురు ఆరడం కాదు, ఆచారం కాదు, పొరపాటు కాదు. కూర్చుని, కొలుచుకుని, రెండుసార్లు సరిచూసుకుని చేసిన పని. ఇంత శ్రద్ధగా ఆయన తనకి ఒక్క పాఠం కూడా చెప్పలేదని మాత్రం అనిపించింది. సంచిలోంచి ధ్రువపత్రం తీసి, పెన్ను మూత తీసి, రెండూ ఆయన ముందు పెట్టింది.

"అయితే అబద్ధం కాదన్నమాటండి," అంది. "రేపు బాపట్ల వస్తాను. మా గురువుగారు కావాలనే నాకు తప్పు వేణువు ఇచ్చారని చెబుతాను. మీరు చెప్పమన్న మాటే. ఎట్లా తప్పు చేశారో కూడా చెబుతాను, కుంపటి దగ్గర్నుంచి. సంతకం ఇప్పుడే పెడితే ఆలోచిస్తాను."

"నేనూ వస్తానమ్మా రేపు," అంది లలితాంబ గారు. "ఆయన సన్మానాలు నేనెప్పుడూ చూడలేదు."

గురువుగారు శిష్యుల వైపు చూశారు. నలుగురిలో ఒక్కడూ ఆయన కళ్లలోకి చూడలేదు. యాభై ఏళ్లు ఆ గదిలో చూపు దించుకునేది ఎదటివాళ్లే, అది గౌరవంతో. ఇవాళ్టిది గౌరవం కాదని ఆయనకి తెలుసు. పెన్ను తీసుకున్నారు. పేరు పొడుగు, సంతకం పూర్తవడానికి చాలాసేపు పట్టింది. తేదీ వేశారు. సిరా ఆరేదాకా ఊదారు. కాగితం మడిచి నేల మీద పెట్టి, రెండు వేళ్లతో సారా వైపు నెట్టారు. ఆమె తీసుకుని చూసుకుంది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

లేచి గుమ్మం దాకా వెళ్లింది.

"అమ్మాయ్," అన్నారాయన వెనకనుంచి. గొంతు మళ్లీ మామూలుగా ఉంది. పాఠం మొదలుపెట్టేముందు ఎట్లా ఉండేదో అట్లా. "చువ్వ పట్టుకున్నది నేనే. కాదనను. కానీ నీ వేణువు చెడగొడితే నాకేం వస్తుంది? నీకంటే బాగా వాయించే శిష్యులు నాకు అప్పుడు ఇద్దరున్నారు. ఆ పూజకి ముందు ఆదివారం ఒకాయన పొద్దున్నే వచ్చాడు. చర్చి కూడా ఎగ్గొట్టి వచ్చాడు. నువ్వు కూర్చునే అరుగు మీదే కూర్చుని, వేణువుకి పెట్టిన బొట్టు రేపు దాని నుదుటికి వస్తుంది, మీరు నా బిడ్డని మాన్పించండి, నేను మానమంటే మానదు, దానంతట అది మానేట్టు చెయ్యండి అని ఏడ్చాడు. నా కాళ్లు పట్టుకున్నాడు. ముట్టుకున్నాడని నేను మళ్లీ స్నానం చేశాను. రేపు బాపట్లలో చెప్పేటప్పుడు అది కూడా కలిపి చెప్పు."

సారా ఆయన్ని చూడలేదు. లలితాంబ గారిని చూసింది. ఆవిడ కాదంటుందని చూసింది. ఇందాక మొగుడి మొహం మీదే అన్ని మాటలన్న మనిషి, ఈ ఒక్కదానికీ కాదనడానికి ఎంతసేపు పడుతుంది?

లలితాంబ గారు ముందుకు వచ్చి, కింద ఉండిపోయిన వెదురు వేణువుని తన చేత్తో తీసి సారా చేతిలో పెట్టింది.

"యాకోబు మాస్టారు మంచి మనిషేనమ్మా," అంది. "ఆయన్నేం అనకు."